గీత దాటిన ప్లేయర్: విజిల్ ఎప్పుడు, ఓపిక ఎప్పుడు

బాస్కెట్‌బాల్ రిఫరీగా పైకి రావాలనుకునేవాళ్ళు ఫౌళ్ళ గురించి, ట్రావెలింగ్ గురించి గంటల తరబడి చర్చిస్తారు. ఆట నడుస్తుండగా ప్లేయర్ గీత దాటి బయటికి వెళ్తే ఏం చేయాలన్నది మాత్రం చాలామందికి మ్యాచ్ మధ్యలోనే, అదీ కోచ్ బెంచి దగ్గర్నుంచి అరిచాకే గుర్తొస్తుంది. అప్పటికి విజిల్ వేసినా గొడవే, వేయకపోయినా గొడవే.

జిల్లా మ్యాచ్‌ల నుంచి రాష్ట్ర స్థాయికి, అక్కణ్ణుంచి జాతీయ స్థాయికి వెళ్ళాలని మీకుంటే ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకండి. బాల్ దగ్గర జరిగే ఫౌల్ గ్యాలరీలో కూర్చున్నవాడికీ కనిపిస్తుంది. బాల్‌కి దూరంగా, బేస్‌లైన్ (ఎండ్‌లైన్) అవతల జరిగేదాన్ని పట్టుకున్న రిఫరీనే, రిఫరీల పనిని అంచనా వేసే పరిశీలకుడు గుర్తుపెట్టుకుంటాడు.

మొదటి మాట ఇది. ప్లేయర్ బయటికి వెళ్ళడం దానంతటది తప్పు కాదు. ఎందుకు వెళ్ళాడు, తిరిగొచ్చి ఏం లాభం పొందాడు అన్నవాటి మీదే తీర్పు ఆధారపడుతుంది. బయటికి వెళ్ళిన అడుగును చూసి విజిల్ వేసేవాడూ, తిరిగొచ్చిన అడుగును చూడకుండా వదిలేసేవాడూ ఇద్దరూ సగం పనే చేస్తున్నారు.

ముందు గీత సంగతి

ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. గీత మందం 5 సెంటీమీటర్లు. సరిహద్దు గీత కోర్టులో భాగం కాదు. గీతను తాకితే ఔటే, దాటనక్కర్లేదు. గీత పైన గాలిలో చేయి చాపినా, భుజం వంచినా ఔట్ కాదు. నేలను గానీ, బయట ఉన్న కుర్చీ, స్తంభం లాంటి వస్తువును గానీ తాకాలి. బయట ఉన్న ఇంకో ప్లేయర్‌ని తాకినంత మాత్రాన ఔట్ కాడు.

గాలిలో ఉన్న ప్లేయర్ చివరగా ఎక్కడ నేలను తాకాడో అక్కడున్నట్టే లెక్క. కోర్టు లోపలి నుంచి ఎగిరి, బయట గాలిలో తేలుతూ బాల్‌ని లోపలికి కొట్టినవాడు కింద పడేదాకా లోపలివాడే. అలాగే బయటి నుంచి ఎగిరినవాడు లోపల కాలు పెట్టేదాకా బయటివాడే. అతను గాలిలో ఉండగా బాల్ తాకితే బాల్ ఔట్.

తిరిగి లోపలికి రావాలంటే రెండు కాళ్ళూ లోపల పెట్టాలని ప్లేయర్లు, ప్రేక్షకులు, కొందరు కోచ్‌లు కూడా నమ్ముతారు. అది నిజం కాదు. ఒక కాలు లోపల నేలను తాకి, శరీరంలో ఏ భాగమూ బయట ఆనకపోతే చాలు, అతను లోపలికి వచ్చినట్టే. ఈ ఒక్కటి తెలియకపోవడం వల్ల మంచి ఆటను ఆపేసిన సందర్భాలు చాలా ఉంటాయి.

కార్నర్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. త్రీ పాయింట్ గీత ఆర్క్‌లో 6.75 మీటర్ల దూరంలో ఉన్నా, కార్నర్లో సైడ్‌లైన్‌కి దానికీ మధ్య ఉండేది 0.90 మీటర్లే. 2013 ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో ఇంకా 5.2 సెకన్లు ఉందనగా రే అలెన్ వెనక్కి అడుగులేస్తూ కార్నర్‌కి వెళ్ళి షాట్ వేసి స్కోరు 95-95 చేశాడు. అక్కడా గీతల మధ్య జాగా మూడు అడుగులే. ఒక మడమ సైడ్‌లైన్‌ని తాకి ఉంటే అతని జట్టు ఓడి ఆ సిరీస్ అక్కడే ముగిసి ఉండేదేమో. కార్నర్లో షూటర్ బాల్ అందుకునే క్షణంలో మీ కళ్ళు అతని కాళ్ళ మీద ఉండాలి. బాల్ చేతికి చేరాక చూస్తే ఆలస్యమే.

మీ సంగతి కూడా మర్చిపోకండి. బాల్ రిఫరీకి తగిలితే, ఆ రిఫరీ నిలబడ్డ చోట నేలకు తగిలినట్టే లెక్క. బేస్‌లైన్ బయట నిలబడ్డ లీడ్ రిఫరీకి తగిలిన బాల్ ఔట్.

ఏ రూల్ బుక్ కింద పనిచేస్తున్నారు?

కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కింద జరిగే పోటీలన్నీ ఫీబా నియమాలతోనే నడుస్తాయి. వీడియోల్లో చూసేది మాత్రం ఎక్కువగా అమెరికా ఆట. అక్కడి నియమం ఇక్కడ వాడితే అది సొంత నియమం అవుతుంది.

అమెరికా హైస్కూల్ ఆటలో అనుమతి లేని కారణంతో కోర్టు వదిలి వెళ్ళడాన్ని ఒకప్పుడు టెక్నికల్ ఫౌల్‌గా చూసేవారు. అక్కడ టెక్నికల్ అంటే రెండు ఫ్రీ త్రోలు, ఆపైన బాల్ కూడా. అంత పెద్ద శిక్ష ఉంటే చిన్న తప్పుకు రిఫరీ చేయి లేవదు. తర్వాత దాన్ని వయొలేషన్‌గా తగ్గించారు. 2023-24 సీజన్ నుంచి మళ్ళీ మార్చారు. ఇప్పుడు ప్లేయర్ బయటికి అడుగేసినా శిక్ష లేదు. తిరిగొచ్చాక అందరికన్నా ముందు అతనే బాల్ తాకినా, ఏదైనా వయొలేషన్ తప్పించుకోవడానికి బయటికి వెళ్ళినా మాత్రమే వయొలేషన్. అమెరికా కాలేజీ పురుషుల ఆటలోనూ ఇష్టపూర్వకంగా బయటికి వెళ్ళినవాడు తిరిగొచ్చి మొదట బాల్ తాకితే వయొలేషనే. ఎన్‌బీఏలో ఇంకో నిబంధన ఉంది. దాడి చేస్తున్న జట్టు ప్లేయర్ స్క్రీన్ పెట్టడం కోసం ఫ్రంట్‌కోర్ట్ ఎండ్‌లైన్ బయటికి వెళ్ళకూడదు. వెళ్తే బాల్ ఎదుటి జట్టుకి పోతుంది.

ఫీబాలో ‘తిరిగొచ్చినవాడు మొదట తాకకూడదు’ అనే అమెరికా తరహా వయొలేషన్ లేదు. సరిగ్గా లోపలికి వచ్చినవాడు బాల్ తాకవచ్చు. అలాగని బయటి దారిలో తిరుగుతూ ఆడటానికి లైసెన్సు ఇచ్చినట్టు కాదు. కావాలని పదేపదే బయటికి వెళ్ళి లాభం పొందేవాడికి వార్నింగ్ ఇచ్చే అధికారం మీకుంది. రిఫరీ వార్నింగ్‌ని లెక్కచేయకపోతే టెక్నికల్ ఫౌల్ ఇవ్వవచ్చు. పుస్తకంలో నేరుగా చెప్పని విషయాన్ని తేల్చే అధికారం క్రూ చీఫ్‌కి ఉంది. ఫీబాలో టెక్నికల్ శిక్ష ఒక ఫ్రీ త్రో. ఆ తర్వాత బాల్ ఎవరికి రావాలో వాళ్ళకే వెళ్తుంది.

   

వరసగా నాలుగు ప్రశ్నలు

ప్లేయర్ బయటికి వెళ్ళగానే మీ బుర్రలో ఈ నాలుగూ ఇదే వరసలో తిరగాలి.

ఒకటి: తనంతట తాను వెళ్ళాడా, ఎవరైనా నెట్టారా, బాల్ కోసం దూకిన ఊపులో వెళ్ళాడా?

రెండు: ఆ సమయంలో బాల్ ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది?

మూడు: ఎక్కడ, ఎప్పుడు లోపలికి వచ్చాడు? లోపలికి వచ్చాక బాల్ తాకాడా, రాకముందే తాకాడా?

నాలుగు: బయటి దారి వల్ల, లోపలి దారిలో దొరకని లాభం అతనికి ఏదైనా దొరికిందా?

మొదటి ప్రశ్నకు జవాబు ‘నెట్టారు’ అయితే మిగతా మూడూ అక్కర్లేదు. అక్కడ చూడాల్సింది నెట్టినవాడి ఫౌల్. బయటికి పడ్డవాడిని పట్టుకుని, నెట్టినవాడిని వదిలేస్తే మ్యాచ్ మీ చేతుల్లోంచి జారిపోతుంది. తర్వాతి ఐదు నిమిషాల్లో రెండు జట్లూ మోచేతులు వాడటం మొదలుపెడతాయి.

కోర్టు బయట లాభం వెతుక్కోవడం కొత్త సమస్య కాదు. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రాసిన 13 నియమాల్లో, బయటికి పోయిన బాల్‌ని ఎవరు ముందు తాకితే వాళ్ళే లోపలికి వేయాలి. ఐదు సెకన్ల పాటు దాన్ని పట్టుకునే హక్కు వాళ్ళదే. బయటికి పరుగెత్తినవాడికి లాభం ఉన్నంతకాలం అందరూ గోడల దాకా పరుగెత్తారు. చివరగా తాకినవాడి ఎదుటి జట్టుకి బాల్ ఇవ్వాలన్న నియమం వచ్చాకే ఆ తొక్కిసలాట తగ్గింది. ఐదు సెకన్ల లెక్క నేటికీ త్రో-ఇన్‌లో ఉంది. కోర్టు బయట లాభం దొరికితే ప్లేయర్ అక్కడికి వెళ్తాడు. ఆ లాభాన్ని అడ్డుకోవడమే మీ డ్యూటీ.

సందర్భాలు, తీర్పులు

బేస్‌లైన్ షూటర్: ఒక కార్నర్ నుంచి ఇంకో కార్నర్‌కి పరుగెత్తుతూ, బాస్కెట్ కింద గుంపుని తప్పించుకోవడానికి రెండడుగులు బేస్‌లైన్ బయట వేశాడు. లోపలికి వచ్చి పాస్ అందుకుని షాట్ వేశాడు. అమెరికా హైస్కూల్లో అయితే మొదట తాకాడు కాబట్టి వయొలేషన్, షాట్ చెల్లదు. అతను బాల్ తాకక ముందే విజిల్ వేయడం ఇప్పుడు అక్కడ తప్పు. పాత అలవాటు ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫీబాలో అయితే కాళ్ళు సరిగ్గా లోపల ఉన్నాయో లేదో చూడండి. ఉంటే ఆట సాగనివ్వండి. అదే పని మళ్ళీ మళ్ళీ చేస్తుంటే బాల్ డెడ్ అయినప్పుడు ప్లేయర్‌కీ, అతని కోచ్‌కీ చెప్పండి.

బాల్‌ని కాపాడినవాడు: సైడ్‌లైన్ దగ్గర ఎగిరి, గాలిలోంచి బాల్‌ని లోపలికి కొట్టి, స్కోరర్ టేబుల్ దగ్గర పడ్డాడు. లేచొచ్చి, లోపల కాలు పెట్టి, మళ్ళీ అదే బాల్ పట్టుకున్నాడు. ఫీబాలోనూ, అమెరికా హైస్కూల్లోనూ ఇది సరైన ఆటే. ఎదుటి బెంచి మొత్తం లేచి అరుస్తుంది. అరుపుకు విజిల్ వేయకండి.

మూడు సెకన్ల తప్పించుకోలు: పోస్ట్ ప్లేయర్ పెయింట్‌లో రెండు సెకన్లకు పైగా ఉన్నాడు. మూడో సెకను పూర్తవకముందే ఎండ్‌లైన్ బయటికి ఒక అడుగేసి, వెంటనే పెయింట్‌లోకే వచ్చాడు. కొత్త రిఫరీ లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఫీబా అధికారిక వివరణ ఇక్కడ స్పష్టంగా ఉంది. మూడు సెకన్లు తప్పించుకోవడానికి ఎండ్‌లైన్ దాటి, తిరిగి పెయింట్‌లోకి వస్తే అది మూడు సెకన్ల వయొలేషనే. ఎత్తయిన పోస్ట్ ప్లేయర్లున్న జట్లు ఈ కిటుకును బాగా వాడతాయి. లీడ్ రిఫరీ లెక్క ఆపకూడదు.

త్రో-ఇన్ వేసినవాడు: ఇతను బయట ఉండటం చట్టబద్ధమే. అయితే బాల్ వదిలేదాకా కోర్టులో అడుగు పెట్టకూడదు. పక్కలకు మొత్తం ఒక మీటరుకు మించి కదలకూడదు. బాస్కెట్ పడ్డాక ఎండ్‌లైన్ నుంచి వేసేటప్పుడు ఈ మీటరు హద్దు వర్తించదు. వెనక్కి మాత్రం జాగా ఉన్నంతవరకు వెళ్ళవచ్చు. లోపల ఇంకొకరికి తగలకుండా తాను వేసిన బాల్‌ని తానే తాకకూడదు. అసలు తంటా బాల్ వేశాక వస్తుంది. కొందరు బాస్కెట్ స్టాండ్ వెనకో, తమ బెంచి ముందో ఆగి, డిఫెండర్ మర్చిపోయాక లోపలికి దూరతారు. అమెరికా హైస్కూల్ పుస్తకంలో కావాలని, మోసపుచ్చేలా ఆలస్యంగా తిరిగి రావడం టెక్నికల్ ఫౌల్. మన మ్యాచ్‌లలో మొదటిసారి కనిపించగానే వార్నింగ్ ఇవ్వండి. రెండోసారి దాకా ఆగితే ఎదుటి కోచ్ అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబుండదు.

గాయపడి బయటికి నడిచినవాడు: డిఫెండర్ చీలమండ పట్టుకుని కుంటుతూ సైడ్‌లైన్ వైపు వెళ్తున్నాడు. ఎదుటి జట్టు ఐదుగురితో నలుగురి మీదికి ఫాస్ట్ బ్రేక్‌కి పోతోంది. జాలిపడి వెంటనే విజిల్ వేస్తే ఒక జట్టుకి అన్యాయం చేసినట్టు. ఫీబాలో బాల్ ఉన్న జట్టు షాట్ వేసేదాకా, బాల్ పోగొట్టుకునేదాకా, ఆడకుండా పట్టుకుని ఆగేదాకా లేదా బాల్ డెడ్ అయ్యేదాకా ఆగాలి. గాయపడ్డవాడిని కాపాడటానికి అవసరమైతే మాత్రం వెంటనే ఆపవచ్చు. అతను ఆట దారిలో పడి ఉన్నా, తల పట్టుకుని కూలిపోయినా లెక్కలు చూడొద్దు, ఆపండి. ఆపాక సుమారు 15 సెకన్లలో ఆడే స్థితికి రాకపోయినా, ఎవరైనా లోపలికొచ్చి చికిత్స చేసినా సాధారణంగా అతన్ని మార్చాలి. రక్తం కారుతుంటే కోర్టులో ఉండనివ్వకూడదు.

అలిగి వెళ్ళిపోయేవాడు: కోచ్ తిట్టాడనో, పాస్ ఇవ్వలేదనో ఆట మధ్యలో బెంచి వైపు నడిచేవాళ్ళు స్కూలు, కాలేజీ మ్యాచ్‌లలో కనిపిస్తారు. వెంటపడి వెనక్కి పిలవడం రిఫరీ పని కాదు. అతని స్థానంలో సబ్‌స్టిట్యూట్ తనంతట తాను లోపలికి రాకుండా చూడటం మీ పని. స్కోరర్ టేబుల్ నుంచి సిగ్నల్ వచ్చి, రిఫరీ చేయి ఊపి పిలిచేదాకా సబ్‌స్టిట్యూట్ గీత బయటే ఉండాలి. వెళ్ళినవాడు మనసు మార్చుకుని వస్తే, ఈలోగా ఇంకొకరు దిగి ఉంటే ఒకే జట్టులో ఆరుగురవుతారు. అప్పుడు టెక్నికల్ ఫౌల్ హెడ్ కోచ్ ఖాతాలో పడుతుంది. కాబట్టి బాల్ డెడ్ కాగానే మనుషుల్ని లెక్కపెట్టండి.

గొడవ: కోర్టులో ఇద్దరు కొట్టుకోవడం మొదలుపెట్టగానే బెంచి వాళ్ళు లోపలికి పరుగెత్తితే, ఫీబాలో హెడ్ కోచ్, ఫస్ట్ అసిస్టెంట్ కోచ్ మాత్రమే రిఫరీలకు సాయంగా రావచ్చు. మిగతావాళ్ళకు డిస్‌క్వాలిఫికేషన్. ఒక రిఫరీ గొడవ దగ్గరికి వెళ్తే మిగతావాళ్ళు కాస్త దూరంగా నిలబడి, ఏ బెంచి నుంచి ఎవరు లేచారో నంబర్లు చూసుకోవాలి. ముగ్గురూ గుంపులోకి దూరితే తర్వాత రిపోర్టు రాయడానికి ఎవరికీ ఏమీ గుర్తుండదు.

ఎవరి కళ్ళు ఎక్కడ?

బయటి దారి తప్పులు దొరక్కపోవడానికి అసలు కారణం నియమం తెలియకపోవడం కాదు, అందరూ బాల్‌నే చూడటం. ముగ్గురు రిఫరీల పద్ధతిలో లీడ్ ఎండ్‌లైన్‌ని, ట్రెయిల్, సెంటర్ తమ తమ సైడ్‌లైన్లను చూసుకోవాలి. మన దగ్గర ఎక్కువ మ్యాచ్‌లు ఇద్దరితోనే నడుస్తాయి. అప్పుడు బాల్ తన ఏరియాలో లేని రిఫరీ బాల్‌ని వదిలేసి మిగతా ప్లేయర్లను చూడాలి. చెప్పడం తేలిక. కళ్ళు మాత్రం బాల్ వైపే లాగుతాయి. ఇది ప్రాక్టీస్ మ్యాచ్‌లలో సాధన చేస్తేనే వస్తుంది.

ఫీబా నియమం ప్రకారం రిఫరీల అధికారం మ్యాచ్‌కి 20 నిమిషాల ముందు కోర్టు మీదికి రావడంతో మొదలవుతుంది. ఆ 20 నిమిషాలు కబుర్లకు కాదు. గీతల చుట్టూ నడవండి. వాలీబాల్, బ్యాడ్మింటన్ గీతలు కలిసిన కోర్టుల్లో ఏ రంగు గీత మనదో ఇద్దరూ ఒక్కమాట అనుకోండి. గీత నుంచి కనీసం 2 మీటర్ల దాకా ఏ అడ్డమూ ఉండకూడదు. బ్యాగులు, నీళ్ళ క్యాన్లు, ప్రేక్షకుల కుర్చీలు, పక్కన ఆపిన బైకులు జరిపించండి. నిర్వాహకులు ‘ఏం కాదు సార్’ అంటారు. బాల్ కోసం దూకిన పిల్లాడి మోకాలు పగిలితే ఆ మాట అన్నవాళ్ళు ముందుకు రారు.

కోచ్‌తో మాట

కోచ్ అడిగినప్పుడు చిన్నగా, నిజంగా జరిగిందే చెప్పండి. ‘కోచ్, లోపల కాలు పడ్డాకే బాల్ పట్టుకున్నాడు, నేను చూశాను.’ అంతే చాలు. ‘సార్, అది నా ఏరియా కాదు’ అనకండి. మీ పార్ట్‌నర్‌ని బలిచ్చినట్టు ఉంటుంది. చూడకపోతే చూశానని చెప్పకండి. ఒక్కసారి దొరికిపోతే ఆ కోచ్ ఏ మ్యాచ్‌లోనూ మీ మాట నమ్మడు. సీనియర్ పీడీ సార్ ఎదుటి బెంచిలో ఉన్నా, మీకు పని నేర్పినవాళ్ళే అయినా తీర్పు మారకూడదు. గౌరవం మాటలో చూపించండి, విజిల్‌లో కాదు.

ఇంకొన్ని జాగ్రత్తలు. మొదటి క్వార్టర్లో వదిలేసిన తప్పును చివరి నిమిషంలో పట్టుకోకండి. అది నియమం ప్రకారం సరైనదైనా ఎవరూ ఒప్పుకోరు. అందుకే వార్నింగ్ మొదటి సగంలోనే పడాలి. ఒక జట్టుకి చెప్పినది రెండో జట్టుకీ చెప్పండి. మ్యాచ్ తర్వాత రిపోర్టు రాయాల్సి వస్తే క్వార్టర్, సమయం, స్కోరు, ప్లేయర్ నంబర్, బాల్ ఎవరి దగ్గరుందో రాయండి. అభిప్రాయాలు వద్దు.

రాత్రి ఇంటికెళ్ళాక ఆ సీజన్ ఫీబా రూల్ బుక్, అధికారిక వివరణలు పక్కన పెట్టుకుని ఆ రోజు జరిగిన ఒక సందర్భాన్నైనా సరిచూసుకోండి. నియమాలు మారుతూనే ఉంటాయి. పాత పుస్తకం పట్టుకుని ధైర్యంగా వేసిన విజిల్ కూడా తప్పు విజిలే. ప్లేయర్లు రోజూ గంటల తరబడి కష్టపడి కోర్టు మీదికి వస్తారు. లోపలి దారిలో ఆడినవాడు, బయటి దారిలో తిరిగినవాడి చేతిలో ఓడిపోకుండా చూడటం మన ఉద్యోగం. దాన్ని సరిగ్గా చేయండి.